కోదాడ దాకా చేరనివ్వని టైరు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ సుమారు 175 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. పెట్రోలు కారు నడిపేవాళ్లకు ఈ అంకెలు టీకి ఎక్కడ ఆగాలన్న లెక్కకే పనికొస్తాయి. కరెంటు కారు నడిపేవాళ్లకు మాత్రం ఇవి బ్యాటరీ లెక్కలు. 2020 జనవరిలో వచ్చిన తొలి టాటా నెక్సాన్ ఈవీ బ్యాటరీ సామర్థ్యం 30.2 యూనిట్లు. ఇంటి కరెంటు బిల్లులో కనపడే యూనిట్లే ఇవి. పరీక్షలో దానికి వచ్చిన రేంజ్ 312 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని గంటకు 80 కిలోమీటర్ల వేగంతో హైవే మీద పోతే చేతికొచ్చేది దాదాపు రెండు వందలు. అంటే ఒక్క చార్జింగుతో, గుండె దడ లేకుండా చేరగలిగే ఊళ్లలో కోదాడ ఇంచుమించు చివరిది. ఆ చివరి పది పదిహేను కిలోమీటర్ల ధీమాను కారు దగ్గర నుంచి లాగేసుకునేవి కొన్ని ఉన్నాయి. వాటిలో మనం డబ్బిచ్చి మరీ బిగించుకునేది పెద్ద టైరు. కారు కొన్న కొన్నాళ్లకే కంపెనీ టైర్లు తీయించి లావుపాటివి, ఎత్తువి వేయించడం డీజిల్ కార్ల కాలం నుంచి మన పట్టణాల్లో ఉన్న అలవాటే. డీజిల్ కారు దాన్ని పెద్దగా పట్టించుకోకుండా మోసింది. కరెంటు కారు మొయ్యదు. దాని టైరు కొలత బ్యాటరీ, మోటారు, గేరుతో పాటు ఒకే లెక్కలో కట్టిన అంకె. ఆ ఒక్క అంకె మారిస్తే మిగతా లెక్కంతా తప్పుతుంది.

ఈ మాట చెప్పాల్సిన అవసరం ఇప్పుడు పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో కరెంటు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. 2026 డిసెంబరు 31 దాకా ఆ మినహాయింపు ఉంటుందని ఉత్తర్వు. పదిహేను లక్షల కారు మీద పన్ను రూపంలో మిగిలేదే రెండు లక్షలు దాటుతుంది కాబట్టి హైదరాబాద్‌లోనే కాదు, జిల్లా కేంద్రాల్లో, మండలాల్లో కూడా కరెంటు కారు కొనడం లెక్కకు అందే పని అయింది. అలా మిగిలిన డబ్బులో కొంత టైర్ల షాపుకు చేరుతుంది. వేయించేవాళ్లు చెప్పే కారణాలను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. బ్యాటరీ కారు కడుపు కింద ఉంటుంది, స్పీడ్ బ్రేకరుకు తగిలితే ఎలా అన్న భయం నిజమైనది. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే దారిలో సిమెంటు లారీలు, ధాన్యం లారీలు తొక్కి చేసిన గుంతలు నిజమైనవే. వానాకాలం నీళ్లూ నిజమే. కారు నిండుగా కనపడాలనుకోవడంలో కూడా తప్పేం లేదు. ఈ కోరికలకు పెద్ద టైరు సరైన జవాబా అన్నదే అసలు ప్రశ్న.

ముందు పెద్ద టైరు అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఎందుకంటే ఆ పేరుతో రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. నెక్సాన్ ఈవీ టైరు పక్కన 215/60 ఆర్ 16 అని అచ్చు పోసి ఉంటుంది. 215 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 60 అంటే రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా ఉండే రబ్బరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతమని, అంటే 129 మిల్లీమీటర్లని. 16 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. రిమ్ముకు 406, పైనా కిందా రెండు గోడలకు 258 కలిపితే చక్రం మొత్తం ఎత్తు 664 మిల్లీమీటర్లు. ఇదే రిమ్ము మీద 215/65 వేస్తే ఎత్తు 686 అవుతుంది, అంటే మూడు శాతం పైన పెరుగుతుంది. 225/65 వేస్తే 699, అయిదు శాతం పైన. 235/70 దాకా పోయేవాళ్లూ ఉన్నారు. అది 735, దాదాపు పదకొండు శాతం. ఇది మొదటి రకం, చక్రం ఎత్తే పెరగడం. రెండో రకంలో రిమ్ము పెరుగుతుంది, రబ్బరు గోడ తగ్గుతుంది, మొత్తం ఎత్తు ఇంచుమించు మారదు. 17 అంగుళాల అలాయ్ వీల్ మీద 215/55 టైరు వేస్తే వచ్చేది 668 మిల్లీమీటర్లు, తేడా ఒక శాతం కూడా లేదు. మొదటి రకానికి, రెండో రకానికి నష్టాలు వేరు. షాపులో రెంటినీ కలిపి అప్‌సైజ్ అనే ఒక్క మాటతో సరిపెట్టడం వల్ల కొనేవాళ్లకు ఏది దేనికి దెబ్బో తెలియకుండా పోతోంది.

కరెంటు కారుకు ఈ తేడాలు ఎందుకంత పట్టింపో చూడాలంటే ట్యాంకు కొలత చూడాలి. లీటరు పెట్రోలులో సుమారు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే 30 యూనిట్ల బ్యాటరీ మొత్తం కలిపి మూడు లీటర్ల పైచిలుకు పెట్రోలుతో సమానం. అంత కొంచెం శక్తితో కారు రెండు వందల కిలోమీటర్లు పోతోందంటే, అందులో ఎనభై తొంభై శాతం చక్రం దాకా చేరుతుండబట్టే. పెట్రోలు ఇంజనులో చక్రానికి అందేది నాలుగో వంతుకు అటూ ఇటూ, మిగతాదంతా వేడిగా రేడియేటరు నుంచి, సైలెన్సరు నుంచి పోతుంది. ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటుంది. పెట్రోలు ఇంజను తక్కువ బరువు లాగేటప్పుడు ఎక్కువ వృథా చేస్తుంది. బరువు కాస్త పెరిగితే దాని సామర్థ్యం కొంచెం మెరుగవుతుంది. అందుకే టైరు వల్ల రోడ్డు మీద పది శాతం భారం పెరిగినా పెట్రోలు ఖర్చు పది శాతం పెరగదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. మోటారు దగ్గర ఆ వెసులుబాటు లేదు. అది మొదటి నుంచీ పొదుపుగానే పనిచేస్తోంది. రోడ్డు మీద పెరిగిన భారమంతా నేరుగా బ్యాటరీ మీద పడుతుంది. డీజిల్ కారులో పెద్ద టైర్లు వేసి ఏమీ తేడా రాలేదన్న అనుభవం కరెంటు కారుకు సాక్ష్యంగా చెల్లకపోవడానికి కారణం ఇదే.

ఎంత భారమో అంకెల్లో చూద్దాం. మనుషులతో కలిపి టన్నున్నర బరువున్న కారును తీసుకుందాం. టైరు రోడ్డు మీద దొర్లేటప్పుడు కింద నొక్కుకుపోయి, పైకి వచ్చాక మళ్లీ సాగుతుంది. ఈ నొక్కుడు, సాగుడుల మధ్య రబ్బరు కొంత శక్తిని వేడిగా మింగేస్తుంది. హైవే దిగి ఆగిన కారు టైరు మీద చెయ్యి పెడితే తగిలే వెచ్చదనంలో ఎండ వాటా, రోడ్డు వాటా పోను మిగిలింది బ్యాటరీ వాటా. మంచి టైరులో ఈ మింగుడు కారు బరువులో నూటికి ఒక వంతు బలంతో సమానం. దీనికి వంద కిలోమీటర్లకు నాలుగు యూనిట్లు కావాలి. గాలిని చీల్చుకుపోవడానికి 80 వేగంలో ఇంకో ఏడు యూనిట్లు. మోటారు, గేరుల్లో పోయేది, ఏసీ తినేది కలిపితే వంద కిలోమీటర్లకు 14 యూనిట్లు తేలుతుంది. బ్యాటరీలో పది శాతం అట్టిపెట్టుకుని మిగతా 27 యూనిట్లు వాడితే 193 కిలోమీటర్లు. ఇప్పుడు వెడల్పుగా, లోతైన గాడులతో, మట్టి రోడ్లకు చేసిన టైరు వేద్దాం. అలాంటి రబ్బరు మింగేది నూటికి ఒక వంతు దగ్గర ఆగదు, 1.3 వంతులకు సులువుగా చేరుతుంది. కారు ఎత్తు, టైరు వెడల్పు పెరిగి గాలి భారం కూడా ఓ మూడు శాతం పెరిగిందనుకుంటే ఖర్చు పదిహేనున్నర యూనిట్లు అవుతుంది. రేంజ్ 174 కిలోమీటర్లకు పడిపోతుంది. కోదాడ ఉన్నది సరిగ్గా అక్కడే. ఇవి భౌతికశాస్త్రం పుస్తకంలోని సూత్రాలతో వేసిన అంచనాలు. కారు కారుకూ, టైరు టైరుకూ కొంచెం అటూ ఇటూ అవుతాయి గానీ దిశ మారదు. ఇంకో సంగతి. వేగం తగ్గితే గాలి భారం బాగా తగ్గుతుంది, టైరు భారం మాత్రం అంతే ఉంటుంది. గంటకు 60 వేగంలో రెండూ సమానం. కాబట్టి మిర్యాలగూడ రోడ్డులో నెమ్మదిగా పోయే కారుకు టైరు వల్ల కలిగే నష్టం, శాతంలో చూస్తే, హైవే మీద కన్నా ఎక్కువ.

లెక్కలు వద్దు, నిజంగా కొలిచిన సాక్ష్యం కావాలనేవాళ్లకు హ్యుండయ్ ఐయోనిక్ 6 ఉంది. ఈ విషయంలో అంతకన్నా శుభ్రమైన ఉదాహరణ దొరకడం కష్టం. అమెరికా పర్యావరణ సంస్థ పరీక్షల్లో వెనక చక్రాలను నడిపే ఐయోనిక్ 6, 77.4 యూనిట్ల బ్యాటరీతో, 18 అంగుళాల చక్రాల మీద 361 మైళ్లు అంటే 581 కిలోమీటర్లు పోతుందని తేలింది. అదే బ్యాటరీ, అదే మోటారు, 20 అంగుళాల చక్రాలున్న ఖరీదైన రకానికి వచ్చింది 305 మైళ్లు, అంటే 491 కిలోమీటర్లు. తేడా 90 కిలోమీటర్లు, పదిహేను శాతం. ఇప్పుడు ఆ టైర్ల కొలతలు చూడండి. ఒకటి 225/55 ఆర్ 18, ఇంకోటి 245/40 ఆర్ 20. రెండింటి మొత్తం ఎత్తూ 704 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. ఎత్తు మారలేదు, గేరు లెక్క తప్పలేదు, మీటరు తప్పు చూపలేదు. కంపెనీ ఇంజనీర్లే ఎంచి వేసిన చక్రాలు. అయినా వెడల్పు, బరువు, రబ్బరు రకం, చక్రం చుట్టూ గాలి తిరిగే తీరు కలిసి పదిహేను శాతం తినేశాయి. ఖరీదైన రకంలో సామాను బరువు కాస్త ఎక్కువే కావచ్చు గానీ అంత తేడాను అది వివరించలేదు. ఇంజనీర్లు అన్నీ సరిచూసి వేసినప్పుడే ఇంత పోతే, కొలతలు చూడకుండా వేయించిన టైరుకు తక్కువ పోతుందని ఆశించడానికి ఆధారం లేదు.

దీనికి ఎదురు వాదన ఒకటి బలమైనదే ఉంది. పెద్ద చక్రం తేలిగ్గా దొర్లుతుంది కదా, ఎడ్లబండికి మనిషి ఛాతీ ఎత్తు చక్రాలు పెట్టింది అందుకే కదా అంటారు. నిజమే. వ్యాసం పెరిగితే గుంత అంచు ఎక్కడం సులువవుతుంది, రబ్బరు వంగే కోణం తగ్గుతుంది, మిగతావన్నీ సమానంగా ఉంటే దొర్లుడు భారం కూడా కొంచెం తగ్గుతుంది. 2013లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3 అనే చిన్న కరెంటు కారు ఈ సూత్రం మీదే నిలబడింది. దానికి వేసినవి 155/70 ఆర్ 19 టైర్లు, ఎత్తు 700 మిల్లీమీటర్లు. అంత చిన్న కారుకు అది చాలా పెద్ద చక్రం. కానీ దాని వెడల్పు చూడండి, 155 మిల్లీమీటర్లే. మన చిన్న పెట్రోలు కార్లకుండేంత సన్నం. ఎత్తు పెంచి వెడల్పు తగ్గించారు, గాలికి అడ్డం పడే భాగం తగ్గింది, ఆ ఎత్తుకు తగ్గ గేరును మొదటి నుంచే పెట్టారు, టైరును ఆ కారు కోసమే బ్రిడ్జ్‌స్టోన్ తయారుచేసింది. మన షాపుల్లో జరిగేది దీనికి పూర్తిగా భిన్నం. ఎత్తుతో పాటు వెడల్పూ పెరుగుతుంది, లోతు గాడుల బరువైన రబ్బరు వస్తుంది, గేరు పాతదే ఉంటుంది. ఎత్తు మూడు శాతం పెరిగినందువల్ల దక్కే లాభం పిసరంత. రబ్బరు మారినందువల్ల కలిగే నష్టం ముప్పై శాతం దాకా.

పెద్ద చక్రం కిలోమీటరుకు తక్కువ చుట్లు తిరుగుతుంది, మోటారు నెమ్మదిగా తిరిగితే కరెంటు మిగలదా అని కూడా అడుగుతారు. నెక్సాన్ అసలు టైరు కిలోమీటరుకు దాదాపు 480 చుట్లు తిరిగితే 225/65 టైరు 455 చుట్లు తిరుగుతుంది. చుట్లు తగ్గిన మాట నిజం. కానీ కారును ఒక కిలోమీటరు తోయడానికి కావలసిన పని చుట్లను బట్టి ఉండదు, అడ్డుకునే బలాన్ని బట్టి, దూరాన్ని బట్టి ఉంటుంది. చుట్లు అయిదు శాతం తగ్గితే ఒక్కో చుట్టుకు మోటారు అయిదు శాతం ఎక్కువ బలంతో తిప్పాల్సిందే. డీజిల్ కారులోనైతే డ్రైవరు ఒక గేరు తగ్గించి ఆ బలం తెచ్చుకుంటాడు. మన దగ్గర అమ్మే కరెంటు కార్లలో దాదాపు అన్నింటికీ ఉన్నది ఒకే ఒక్క గేరు, తగ్గించుకోవడానికి ఇంకోటి లేదు. నిండు బరువుతో ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు, నిలబడ్డ చోటి నుంచి కదిలేటప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసే సూర్యాపేట ప్రాంతంలో ఆ వేడిని చల్లార్చడానికి మళ్లీ బ్యాటరీనే ఖర్చు కావాలి. కాలు తీసినప్పుడు మోటారు కారును ఆపుతూ కరెంటు వెనక్కి తెచ్చే రీజెన్ పట్టు కూడా అంతే శాతం మెత్తబడుతుంది. అలవాటైన దూరంలో కారు ఆగకపోతే పాదం బ్రేకు మీదికి పోతుంది, బ్యాటరీలోకి రావలసిన శక్తి బ్రేకు డిస్కులో వేడై పోతుంది.

మీటరు సంగతి ఇంకా చిత్రం. కారుకు దూరం తెలియదు, చుట్లే తెలుసు. చుట్టుకు ఇన్ని మీటర్లని ఫ్యాక్టరీలో చెప్పిన లెక్కతోనే వేగం, దూరం చూపిస్తుంది. టైరు అయిదు శాతం పెరిగితే మీటరులో 100 అని ఉన్నప్పుడు కారు అసలు వేగం 105. మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదన్నది అంతర్జాతీయంగా ఉన్న నియమం, అందుకే కంపెనీలు కాస్త ఎక్కువ చూపేలా అమరుస్తాయి. పెద్ద టైరు ఆ జాగ్రత్తను మింగేసి తప్పును అవతలి పక్కకు తీసుకుపోతుంది. దూరం దగ్గర ఇది తిరగబడి కనపడుతుంది. కారు నిజంగా 105 కిలోమీటర్లు పోతే మీటరు 100 అంటుంది, కాబట్టి తెర మీద రేంజ్ నిజంగా తగ్గినదాని కన్నా ఎక్కువ తగ్గినట్టు ఉంటుంది. ఇది నా వాదనకు వ్యతిరేకంగా పోయే విషయమే, అయినా చెప్పి తీరాలి. పెద్ద టైరు వేశాక పదిహేను శాతం పోయిందని మీటరు చూసి చెప్పేవాళ్ల మాటలో అయిదు శాతం ఉత్త మీటరు తప్పే. తేడా సరిగ్గా తెలియాలంటే రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతో గానీ, ఫోన్‌లోని జీపీఎస్‌తో గానీ దూరం కొలిచి, చార్జరు చూపిన యూనిట్లతో భాగించాలి. ఆ తప్పు తీసేశాక కూడా మిగిలే పది శాతమే పైన వేసిన లెక్క.

ఇక గ్రౌండ్ క్లియరెన్స్. చక్రం ఎత్తు ఎంత పెరిగితే కారు అందులో సగమే లేస్తుంది, ఎందుకంటే ఇరుసు ఉండేది చక్రం మధ్యలో. నెక్సాన్‌కు 225/65 వేస్తే దక్కేది 17 మిల్లీమీటర్లు. టియాగో ఈవీకి వచ్చే 175/65 ఆర్ 14 తీసి 185/70 వేస్తే దాదాపు 16. చిటికెన వేలు మందమంత. అయిదుగురు ఎక్కి డిక్కీ నిండితే స్ప్రింగులు కుంగి కారు అంతకన్నా ఎక్కువ కిందికి దిగుతుంది. పైగా ఎత్తయిన టైరుకు చక్రం గూడులో చోటు చాలదు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, గుంతలో పడి చక్రం పైకి లేచినప్పుడు టైరు భుజం లోపలి ప్లాస్టిక్ లైనరును రాసుకుంటుంది. అప్‌సైజ్ చేసిన కారు ముందు చక్రాన్ని ఒక పక్కకు పూర్తిగా తిప్పి టార్చి వేసి చూస్తే లైనరు మీద నున్నగా మెరిసే నల్లటి చార కనపడుతుంది. కొన్నాళ్లకు అక్కడ ప్లాస్టిక్ చిరుగుతుంది. స్పీడ్ బ్రేకరు దగ్గర కారు కడుపును కాపాడేది ఆ పదిహేడు మిల్లీమీటర్లు కాదు, వేగం. బ్రేకరు మీద పడి ముందు చక్రాలు దిగేటప్పుడు స్ప్రింగులు నొక్కుకునేది అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. నెమ్మదిగా దాటితే ఆ నొక్కుడే ఉండదు.

వరద విషయంలో ఈ పదిహేడు మిల్లీమీటర్ల మీద నమ్మకం ప్రమాదకరం. 2024 సెప్టెంబరు 1న కోదాడ ఏం చూసిందో ఈ ప్రాంతం ఇంకా మరిచిపోలేదు. రాత్రంతా కురిసిన వానకు వాగులు పొంగి, పట్టణంలో కార్లు కొట్టుకుపోయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. విజయవాడ హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి నీటిలో ఎత్తు టైర్ల కారు దాటుతుందనుకోవడానికి భౌతికశాస్త్రం ఒప్పుకోదు. టన్నున్నర బరువున్న కారు అడుగు భాగం దాదాపు ఆరు చదరపు మీటర్లు. నేల పలక మీదికి పాతిక సెంటీమీటర్ల నీళ్లు వస్తే ఆ నీటి ఎత్తుడు బలం కారు బరువుతో సమానమవుతుంది. రోడ్డు నుంచి చూస్తే అది మోకాలి లోతు. అంతకు ముందే టైర్ల మీద బరువు తగ్గి పట్టు పోతుంది, పారే నీరు పక్క నుంచి నెడుతుంది. కరెంటు కార్ల బ్యాటరీలకు ఐపీ 67 రక్షణ ఉంటుంది. మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోకూడదన్నది దాని అర్థం. కానీ అది నిలవ నీటిలో బ్యాటరీ పెట్టెకు చేసే పరీక్ష. వాగులో కారుకు ఇచ్చిన హామీ కాదు. మామూలు వానలో కూడా వెడల్పు టైరుకు ఒక లోపముంది. ఒకే బరువు, ఒకే గాలి మీద వెడల్పు టైరు నీటిని పక్కకు నెట్టడానికి ఎక్కువ కష్టపడుతుంది. కాబట్టి తక్కువ వేగంలోనే నీటి పొర మీద తేలిపోతుంది.

రెండో రకం పెద్దదనం, అంటే రిమ్ము పెరిగి రబ్బరు తగ్గేది, మన రోడ్లకు ఇంకా పనికిరాదు. గుంత అంచు తగిలినప్పుడు ఆ దెబ్బను ముందు తీసుకోవలసింది రబ్బరు గోడలోని గాలి. 129 మిల్లీమీటర్ల గోడను 97కు తగ్గిస్తే ఆ దెబ్బ రిమ్ముకు చేరుతుంది. అలాయ్ పగులుతుంది, లేదా టైరు పక్కన కోడిగుడ్డంత బుడిపె లేస్తుంది. బుడిపె లేచిందంటే లోపలి తాళ్లు తెగాయని, ఆ టైరు హైవేకు పనికిరాదని అర్థం. దీనితో పాటు చూడాల్సింది కొలత పక్కనే ఉండే లోడ్ ఇండెక్స్. 95 అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోయగలదు. 91 అంటే 615 కిలోలే. కరెంటు కారు, బ్యాటరీ వల్ల, అదే సైజు పెట్రోలు కారు కన్నా రెండు మూడు వందల కిలోలు ఎక్కువ బరువుంటుంది. చూడటానికి పెద్దగా ఉండి, లోడ్ ఇండెక్స్ తక్కువున్న టైరు వేసి, అయిదుగురితో మే నెల మధ్యాహ్నం హైవే ఎక్కడం కన్నా కంపెనీ టైరే పదింతలు నయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగాక బీమా దగ్గర ఈ మాట ఎదురవడం ఎవరికీ మంచిది కాదు.

నిజానికి టైరు సైన్సులో గత ముప్పై ఏళ్లలో వచ్చిన పెద్ద మార్పు సైజులో లేదు, రబ్బరులో ఉంది. 1990ల తొలినాళ్లలో మిషెలిన్ కంపెనీ నల్ల మసి స్థానంలో చాలావరకు సిలికా కలిపి, తడి రోడ్డు మీద పట్టు పోకుండా దొర్లుడు భారం తగ్గించవచ్చని చూపించింది. నేటి కరెంటు కార్ల టైర్లన్నింటి వెనకా ఉన్నది ఆ దారే. ఈ సిలికాకు, మిర్యాలగూడకు ఒక చుట్టరికం ఉంది. ధాన్యం పొట్టు అంటే ఊకలో ఇసుకకు మూలమైన సిలికా సహజంగానే ఉంటుంది. ఊక కాలిస్తే మిగిలే బూడిదలో ఎనభై అయిదు నుంచి తొంభై అయిదు శాతం దాకా అదే. మిర్యాలగూడ మిల్లుల్లో ఉప్పుడు బియ్యం కోసం బాయిలర్ల కింద రోజూ కాలేది ఆ ఊకే, ఆ బూడిదను ఎక్కడ పోయాలన్నది మిల్లులకు తలనొప్పి. గుడ్‌ఇయర్ కంపెనీ 2014లో ఊక బూడిద నుంచి తీసిన సిలికాను టైర్లలో వాడతామని ప్రకటించి, తర్వాత వాడింది కూడా. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ, ఆంధ్రలో సత్యవేడు వైపు చిన్నపాండూరులో అపోలో ఫ్యాక్టరీ ఉన్న మన నేల మీద ఈ బూడిద టైరుగా మారే దారి ఎవరైనా వేస్తే, కోదాడ రేంజ్‌కు ఏ అలాయ్ చక్రమూ చేయలేని మేలు చేసినవాళ్లవుతారు.

టైరు కొనేటప్పుడు రబ్బరు మంచిదో కాదో చేత్తో పట్టుకుంటే తెలియదు. కొలత కావాలి. దొర్లుడు భారం, తడి రోడ్డు మీద పట్టు, శబ్దం అనే మూడింటికీ హద్దులు పెట్టే ఏఐఎస్-142 ప్రమాణాన్ని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022లో కార్ల టైర్లకు తప్పనిసరి చేసింది. ఫ్రిజ్జులకు నక్షత్రాలు ఇచ్చే ఇంధన సామర్థ్య సంస్థ టైర్లకు కూడా నక్షత్రాల గుర్తింపు మొదలుపెట్టింది. అసలు టైర్లు అరిగాక కొత్తవి కొనేటప్పుడు అడగాల్సింది అదే సైజులో, అదే లోడ్ ఇండెక్స్‌తో, దొర్లుడు భారం తక్కువున్న టైరు ఏదని. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అతికించిన కాగితంలో సైజు, గాలి రెండూ రాసి ఉంటాయి. కంపెనీ అదే కారుకు పై రకంలో ఇంకో సైజు ఇస్తుంటే, దాన్ని వేసుకోవడానికి అడ్డేమీ లేదు, ఆ లెక్క ముందే చేసి ఉంటుంది కాబట్టి. గాలి విషయం మాత్రం ఇప్పుడే, ఈ రోజే చేయగలిగింది. 33 ఉండాల్సిన చోట 26 ఉంటే దొర్లుడు భారం దాదాపు పదో వంతు పెరుగుతుంది. పది డిగ్రీల వేడికి గాలి ఒకటిన్నర పాయింటు దాకా పెరుగుతుంది కాబట్టి కారు ఎండలో పరుగెత్తి వచ్చాక కాకుండా పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. హైవే మీద చౌటుప్పల్ దాటాక బంకులో ఆగి వేడి టైరుకు గాలి కొట్టిస్తే మీటరు 36 చూపించవచ్చు. గాలి ఎక్కువైందని తీయించేస్తే, సూర్యాపేటలో రాత్రి ఆగి పొద్దున్న చూసుకునేసరికి అది 30కి దిగి ఉంటుంది.